ఒక్కతీరు గాడి

"మామా, తాతోళ్ళింట్ల ఉన్న పాత కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ కార్డ్ మార్చొచ్చా?"

మా అక్క కొడుకు పోయిన వేసవిలో ఫోన్ చేసి అడిగాడు. వాడు హనుమకొండలో మా అమ్మ, బాపుల దగ్గర ఉండి బీటెక్ చదువుతున్నాడు. ఆ ఇంట్లో, 2013లో నేను ఒక్కో భాగం కొని జతచేసిన డెస్క్‌టాప్ ఒకటుంది. అప్పట్లో అది మంచి గేమింగ్ కంప్యూటరే. ఇప్పుడు దాని మీద అమ్మ మందుల డబ్బా పెట్టుకుంటోంది.

"దేనికిరా?" అన్నాను.

"ప్రాజెక్టుకే మామా."

ఆ 'కే' దగ్గర ఆగిపోయాను. 22 ఏళ్ళ కిందట మా బాపు నన్ను ఇదే ప్రశ్న అడిగాడు. నేను ఇదే జవాబు చెప్పాను, ఇదే 'కే' తగిలించి. అది అబద్ధం. వీడిది కూడా అబద్ధమేనా అని అడగబోయి ఊరుకున్నాను. మార్చొచ్చో లేదో చూసి చెప్తానన్నాను.

చూడటం మొదలుపెట్టాక, నేను చూస్తున్నది కార్డు ధరలు కాదనీ, బాపు ఆ రోజు వేసిన ఇంకో ప్రశ్నకి జవాబనీ అర్థమైంది.

*

2001లో నేను పాలిటెక్నిక్‌లో చేరాను. కంప్యూటర్ డిప్లొమా. కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ చదువేంటని బాపు పీఎఫ్ లోను పెట్టి 28 వేలకి ఒక అసెంబుల్డ్ సిస్టమ్ కొన్నాడు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల సారు. సెలెరాన్ ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, వెనక పెద్ద మూపురమున్న 15 అంగుళాల మానిటర్. అమ్మ దానికి పూల గుడ్డతో కవరు కుట్టింది. దసరాకి ఆయుధపూజలో బాపు స్కూటర్‌తో పాటు దానికీ బొట్టు పెట్టేవాళ్ళం.

2003లో వైస్ సిటీ ఆట వచ్చింది. నా దోస్తు ఒకడు సీడీలో రాసిచ్చాడు. ఇన్‌స్టాల్ చేస్తే స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ డెస్క్‌టాప్‌కి వచ్చేసేది. ఆ ఆటకి కనీసం 32 ఎంబీ మెమొరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు కావాలి. మా దాంట్లో కార్డే లేదు. బొమ్మ గీసే పని బోర్డు మీదున్న చిప్పే, ర్యామ్‌లో కాస్త అరువు తీసుకుని చేస్తోంది.

ఫైనలియర్ ప్రాజెక్టు దగ్గరపడుతోంది. అంతకన్నా మంచి సాకు దొరకదు. "గ్రాఫిక్స్ కార్డు కావాలి బాపూ." "దేనికిరా?" "ప్రాజెక్టుకే." ఆయన బీరువా తీసి 2,500 ఇచ్చాడు. మారు మాట్లాడలేదు.

కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ వెళ్ళాను. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటు. తెలంగాణలో కంప్యూటర్ విప్పిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు ఎక్కిన మెట్లే అవి. ఒక కొట్లో కుర్రాడు, "ఏజీపీ స్లాట్ ఉందా నీ బోర్డ్‌ల?" అని అడిగాడు. బ్రౌన్ కలర్‌లో ఉంటుందన్నాడు. మా బోర్డు మీద బ్రౌన్ కలర్ స్లాట్ ఒకటి చూసిన గుర్తు. ఉందన్నాను. 2,400కి కార్డు కొని, చొక్కా లోపల పెట్టుకుని ఇల్లు చేరాను.

క్యాబినెట్ విప్పి చూస్తే బ్రౌన్ స్లాట్ ఉంది నిజమే, అగ్గిపెట్టె కంటే కొంచెం పొడవు. కార్డు అంచు దానికి రెండింతలుంది. తిప్పి పెట్టాను, వంచి పెట్టాను. అది మోడెమ్ లాంటి చిన్న కార్డులకి పెట్టిన ఏఎంఆర్ స్లాట్ అని తర్వాత తెలిసింది. మా బోర్డుకి ఏజీపీ స్లాటే లేదు.

రెండ్రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు అన్నం దగ్గర చెప్పేశాను. బాపు తిట్టలేదు. స్కూలుకి సెలవు పెట్టి నాతో రైలెక్కాడు. కొట్లో ఆయన నిలబడ్డ తీరు ఇప్పటికీ గుర్తే. ఊళ్ళో సారు అని అందరూ లేచి నిలబడే మనిషి, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో ప్లాస్టిక్ కవరుతో, ఇరవై ఏళ్ళ కుర్రాడి ముందు, "తప్పు మావాడిదే బాబూ, ఏమన్నా చెయ్యగలరా?" అంటున్నాడు. ఆ కుర్రాడు మంచివాడే. "అంకుల్, పీసీఐది ఇస్తా. ఇంకో ఆరొందలైతది, అవి తక్కువొస్తయి" అన్నాడు. ఒక ఖాళీ బోర్డు తెచ్చి స్క్రూడ్రైవర్ కొనతో ఒక్కో స్లాట్ చూపించాడు. తెల్లవి పీసీఐ. ఈ బ్రౌన్‌ది ఏజీపీ. ఈ బుడ్డది ఏఎంఆర్. ఆ మూలకున్న పొడుగు నల్లది పాతది, ఐఎస్ఏ.

బాపు కళ్ళజోడు సరిచేసుకుని బోర్డు మీదికి వంగి చూశాడు. ఆరొందలూ ఇచ్చాడు. తిరుగు రైల్లో ఘనపూర్ దాటాక అడిగాడు: "ఇదేందిరా? అందరు కలిసి ఒక్కతీరు గాడి పెట్టుకుంటే ఏం పోయేది వీళ్ళకు?"

నాకు తెలియదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

*

జవాబు 1981లో మొదలవుతుంది.

ఆ ఏడాది ఆగస్టులో ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్ అమ్మకానికి పెట్టింది. దాని బోర్డు మీద 5 స్లాట్లున్నాయి. బొమ్మ కనిపించాలంటే వాటిలో ఒకదాంట్లో కార్డు పెట్టాల్సిందే. రంగుల కార్డుని సీజీఏ అనేవారు. 16 కేబీ మెమొరీ. అడ్డంగా 320, నిలువుగా 200 చుక్కలు, ఒకేసారి 4 రంగులు. కానీ అసలు విశేషం రంగుల్లో లేదు. ఏ తీగలో ఏ సంకేతం వెళ్తుందో, కార్డు ఎలా తయారు చేసుకోవాలో ఐబీఎం సాంకేతిక పుస్తకంలో అచ్చువేసి ఇచ్చింది. దాంతో ఎవరైనా ఆ స్లాట్‌కి సరిపడే కార్డు చేసి అమ్ముకోగలిగారు. తర్వాత మొత్తం కంప్యూటర్నే నకలు చేసి అమ్మారు. సీటీసీ లాంటి బజార్లు పుట్టడానికి మూలం ఆ పుస్తకమే. ముక్కలు ముక్కలుగా కొని జతచేసుకోగల యంత్రం కాకపోయి ఉంటే, 28 వేలలో మా ఇంటికి కంప్యూటర్ వచ్చేది కాదు.

నకళ్ళు పెరిగి తన వ్యాపారం చేజారుతుంటే ఐబీఎం ఆలోచనలో పడింది. 1987లో పీఎస్/2 అనే కొత్త కంప్యూటర్లతో పాటు కొత్త స్లాట్ తెచ్చింది, మైక్రోచానెల్. సాంకేతికంగా పాతదానికంటే చాలా మెరుగు. అయితే ఈసారి తలుపు తాళం తన దగ్గరే ఉంచుకుంది. వాడుకోవాలంటే లైసెన్సు తీసుకోవాలి, రాయల్టీ కట్టాలి. పాత కార్డులు అందులో పట్టవు. 1988లో కాంపాక్ ముందుండి మొత్తం 9 కంపెనీలు కలిసి, మీ గాడి మాకొద్దని ఈఐఎస్ఏ పేరుతో వేరే స్లాట్ ప్రకటించాయి. అందులో పాత కార్డులు కూడా పడతాయి. చివరికి మైక్రోచానెల్ నిలవలేదు.

తమాషా ఏమిటంటే, అదే పీఎస్/2తో వచ్చిన ఇంకో వస్తువు మాత్రం దశాబ్దాలు బతికింది. దాని పేరు వీజీఏ. మానిటర్ల వెనక 15 రంధ్రాలతో, రెండు పక్కలా మరలతో ఉండే ఆ నీలం సాకెట్. తాళం వేసుకున్న గాడి పోయింది. అందరూ ఎత్తుకుపోయిన సాకెట్ మిగిలింది. దీని సంగతి మళ్ళీ వస్తుంది.

ఒక్కతీరుగా పెట్టుకోకపోవడానికి లాభం ఒక కారణమైతే, వేగం ఇంకోటి. విండోస్ వచ్చాక స్క్రీన్ నిండా బొమ్మలే. పాత ఐఎస్ఏ స్లాట్ దారి ఇరుకు. 1992లో ఇంటెల్ పీసీఐ తెచ్చింది. సెకనుకి 133 మెగాబైట్లు పోగల దారి. అప్పటికి అది హైవే. కాకపోతే సౌండు కార్డు, నెట్‌వర్క్ కార్డు అన్నీ ఆ ఒక్క దారి మీదే నడవాలి. మూడు కోణాల ఆటలు రాగానే అదీ జామ్ అయిపోయింది. అందుకని 1997లో గ్రాఫిక్స్ కోసమే ప్రత్యేకంగా ఒక దారి వేశారు, ఏజీపీ. మొదటి రకమే 266 మెగాబైట్లు. తర్వాత రెండింతలు, నాలుగింతలు, ఎనిమిదింతలు పెంచుకుంటూ పోయారు. పెంచుతూ వోల్టేజీ తగ్గించారు, 3.3 నుంచి 1.5కి. పాత కార్డు కొత్త బోర్డులో పెడితే కాలిపోయే ప్రమాదం ఉందని స్లాట్‌లో అడ్డుపుల్ల స్థానం మార్చారు. అంటే ఒకే పేరున్న గాడిలోనే రెండు మూడు రకాలు.

మరి మా బోర్డుకి ఆ ఏజీపీ కూడా ఎందుకు లేదు? 1999లో ఇంటెల్ 810 లాంటి చిప్‌సెట్లు వచ్చాయి. గ్రాఫిక్స్‌ని లోపలే పెట్టేసి, బయటి ఏజీపీ స్లాట్ తీసేసి, చవక కంప్యూటర్లు చేయడానికి ఉద్దేశించినవి. దీన్ని మోసం అనలేను. ఆ పొదుపు వల్లే మా బాపు లోను సరిపోయింది. ఇంటికి కంప్యూటర్ రావడానికి కారణమూ, దాంట్లో కార్డు పట్టకపోవడానికి కారణమూ ఒకటే. ఇది రైల్లో కూర్చున్న 18 ఏళ్ళ వాడికి తెలిసే అవకాశం లేదు.

*

ఇంతకీ ఆ కార్డు చేసే పనేంటి?

640 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు ఉన్న స్క్రీన్ తీసుకుందాం. మొత్తం 3,07,200 చుక్కలు. ఆట తడబడకుండా నడవాలంటే సెకనుకి కనీసం 30 సార్లు ఆ స్క్రీన్ మొత్తం మళ్ళీ గీయాలి. అంటే సెకనుకి 92 లక్షల చుక్కలు. ప్రతి చుక్కకీ ఏ రంగో లెక్క కట్టాలి. ఆ లెక్క కష్టమైంది కాదు, మా బాపు తొమ్మిదో తరగతి పిల్లలతో చేయించేలాంటిదే. కాకపోతే 92 లక్షల సార్లు చేయాలి. ప్రాసెసర్ ఎంత తెలివైనదైనా ఒక్కడే మనిషి లాంటిది. పది ఎకరాల మడిలో నాట్లు వేయడానికి ఒక గొప్ప రైతుని పంపితే ఏం లాభం? వరుసగా వంగి, ఒకే పని ఒకేసారి చేసే యాభై మంది కావాలి. గ్రాఫిక్స్ చిప్ అంటే ఆ నాట్ల వరుస.

1996 చివర్లో 3డిఎఫ్ఎక్స్ అనే కంపెనీ చిప్‌తో ఊడూ కార్డులు వచ్చాయి. 4 ఎంబీ మెమొరీ. మామూలు బొమ్మ గీయడం దానికి రాదు. అందుకని పాత కార్డు పక్కనే ఇది కూడా పెట్టి, రెంటినీ ఒక పొట్టి వైరుతో కలిపేవారు. ఆట మొదలవగానే 'టిక్' మని చప్పుడుచేసి ఊడూ పని అందుకునేది. 1997 మొదట్లో క్వేక్ ఆటకి కొత్త రూపం వచ్చింది. గ్రాఫిక్స్ కార్డుతో నడిచే రూపం. అప్పటిదాకా గరుకుగా, గళ్ళుగళ్ళుగా కనబడ్డ గోడలు నునుపుగా కనిపించాయి. కంప్యూటర్‌కి కొత్త ప్రాసెసర్ కాకుండా ఒక కార్డు మాత్రం కొనాలన్న ఆలోచన జనానికి కలిగింది అప్పుడే.

3డిఎఫ్ఎక్స్ కూడా తాళం వేసుకుంది. ఆటలు రాసేవాళ్ళకి గ్లైడ్ అనే భాష ఇచ్చింది. బాగా వేగం. కానీ 3డిఎఫ్ఎక్స్ చిప్‌ల మీదే నడుస్తుంది. మొదట్లో అందరూ అందులోనే రాశారు. తర్వాత ఆ కంపెనీ ఇంకో తప్పు చేసింది. అప్పటిదాకా చిప్‌లు అమ్మితే వేరేవాళ్ళు కార్డులు చేసేవారు. 1998 డిసెంబర్లో ఎస్‌టీబీ అనే కార్డుల కంపెనీని కొంటున్నట్టు ప్రకటించి, ఇక కార్డులు మేమే చేస్తామంది. నిన్నటి భాగస్వాములు ఎన్విడియా చిప్‌ల వైపు వెళ్ళారు. రెండేళ్ళు తిరిగేసరికి, 2000 డిసెంబర్లో, 3డిఎఫ్ఎక్స్ ఆస్తుల్ని ఎన్విడియా కొనేసింది. గ్లైడ్‌ని మాత్రమే నమ్ముకుని రాసిన ఆటలు అనాథలయ్యాయి. ఆ భాషని వేరే కార్డులకి అనువదించే ప్రోగ్రాములు తర్వాత అభిమానులు రాసుకున్నారు. అందరి కార్డుల మీదా నడిచే డైరెక్ట్‌3డి, ఓపెన్‌జీఎల్ నిలబడ్డాయి.

గాడి అంటే ప్లాస్టిక్ సందు మాత్రమే కాదనీ, రాసే భాషలో కూడా గాడి ఉంటుందనీ నాకు ఇక్కడ తెలిసింది.

*

2004లో బాపు ప్రశ్నకి దాదాపు పూర్తి జవాబు వచ్చింది. నేను డిప్లొమా పూర్తి చేసిన ఏడాదే. పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉన్న బోర్డులు బజార్లోకి వచ్చాయి. దీంట్లో దారిని సన్న సన్న వరుసలుగా విడగొట్టారు. చిన్న కార్డుకి 1 వరుస చాలు, గ్రాఫిక్స్‌కి 16. చిన్న కార్డుని పెద్ద స్లాట్‌లో పెట్టినా పనిచేస్తుంది. కొత్త తరం వచ్చి వేగం రెండింతలైనప్పుడల్లా గాడి ఆకారం మారలేదు. కొత్త కార్డు పాత స్లాట్‌లో పెడితే రెండూ మాట్లాడుకుని ఇద్దరికీ వచ్చిన వేగంలో నడుస్తాయి. 20 ఏళ్ళు దాటింది. ఇంకా అదే గాడి. పోటీ కంపెనీలు, ఒకదాని మీద ఒకటి కేసులేసుకునే కంపెనీలు, ఒకే సంఘంలో కూర్చుని ఒప్పుకున్న కొలత అది.

అందుకే మా 2013 డబ్బాకి ఇంకా ఆశ ఉంది.

దాంట్లో ఉన్నది 2012 నాటి ఐ5-3470 ప్రాసెసర్, జీటీఎక్స్ 650 కార్డు. కార్డుకి 1 జీబీ మెమొరీ, లెక్కలు చేసే కోర్లు 384. దాని తరం కార్డులకి ఆటల డ్రైవర్లు 2021లోనే ఆగిపోయాయి. వాడు చేయాల్సిన ప్రాజెక్టు ఏంటో అడిగాను. పత్తి ఆకు ఫొటో చూసి తెగులు గుర్తుపట్టే ప్రోగ్రామ్. మా వైపు చేన్లు చూసినవాళ్ళకి ఇది ఎందుకు పనికొస్తుందో చెప్పక్కర్లేదు. అంటే వాడు నిజమే చెప్పాడు. ఆ పని పాత కార్డుతో కాదు.

ఆటల కార్డుకీ పత్తి ఆకుకీ సంబంధం ఏమిటంటే, అది ఇంకో కథ. 2001లో వచ్చిన జీఫోర్స్ 3తో, చుక్కకి రంగెలా వేయాలో ఆటలు రాసేవాళ్ళే చిన్న చిన్న ప్రోగ్రాములుగా రాసుకునే వీలొచ్చింది. విశ్వవిద్యాలయాల్లో కొందరికి ఒక ఆలోచన వచ్చింది: ఈ నాట్ల వరుసతో నాట్లే ఎందుకు వేయించాలి, కలుపు తీయించకూడదా? లెక్కల్ని బొమ్మల్లా వేషం వేయించి కార్డుతో చేయించారు. స్టాన్‌ఫర్డ్‌లో ఇయాన్ బక్ దీనికోసం బ్రూక్ అనే భాష తయారుచేశాడు. తర్వాత ఎన్విడియాలో చేరాడు. 2006లో ఆ కంపెనీ కూడా అనే పద్ధతిని ప్రకటించింది. ఇక లెక్కలకి బొమ్మ వేషం అక్కర్లేదు.

2012లో టొరంటోలో అలెక్స్ క్రిజెవ్‌స్కీ, ఇల్యా సుట్‌స్కెవర్, వాళ్ళ గురువు జెఫ్రీ హింటన్ ఒక పోటీకి ప్రోగ్రామ్ పంపారు. బొమ్మ చూసి అందులో ఏముందో చెప్పాలి. నేర్చుకోవడానికి 12 లక్షల బొమ్మలు, 1,000 రకాలు. మిగతావాళ్ళలో మెరుగైన ప్రోగ్రామ్ తప్పుల శాతం 26.2 ఉంటే, వీళ్ళది 15.3. దానికి వాడింది సూపర్ కంప్యూటర్ కాదు, రెండు జీటీఎక్స్ 580 కార్డులు. ఆటలాడే పిల్లల కోసం అమ్మినవి. ఐదారు రోజులు ఆపకుండా నడిపారు. ఇవాళ మనం ఏఐ అంటున్నదానికి పెద్ద మలుపు అది. పత్తి ఆకు ప్రాజెక్టు దాని మనవడు.

నేను దీని దగ్గర చాలాసేపు కూర్చున్నాను. మా తరంలో ఆట అంటే చదువు పాడుచేసేది. కంప్యూటర్ కొనిచ్చిన తల్లిదండ్రులకి మేం దొంగచాటుగా చేసిన ద్రోహం. అందుకే 'ప్రాజెక్టుకే' అని అబద్ధాలు. కానీ ఆ చిప్‌ల పరిశోధనకి ఏళ్ళ తరబడి డబ్బు పోసింది ఎక్కువగా ఆ ఆటలే. దేశదేశాల పిల్లలు దాచుకున్న పాకెట్ మనీ, అమ్మానాన్నలకి చెప్పిన అబద్ధాలు, పీఎఫ్ లోన్లు.

దీన్ని గొప్పగా చెప్పుకుని ముగించలేను. ఎందుకంటే ఆ పిల్లలకి దక్కింది వేరు. 2017లో ఒకసారి, 2020 తర్వాత ఇంకోసారి, క్రిప్టో నాణేలు తవ్వేవాళ్ళు కార్డులన్నీ కొనేశారు. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం తన పద్ధతి మార్చుకుని కార్డులతో తవ్వకం ఆపేశాక, నెలల తరబడి రాత్రింబవళ్ళు కాగిన కార్డులు సెకండ్ హ్యాండ్ బజారుకి వచ్చాయి. ఆ వెంటనే ఏఐ వచ్చింది. 2023లో ఎన్విడియా మార్కెట్ విలువ లక్ష కోట్ల డాలర్లు దాటింది. ఆటల కార్డు ఆ కంపెనీకి ఇప్పుడు పక్క వ్యాపారం. హైదరాబాద్‌లో దాని ఆఫీసూ ఉంది, పోటీదారు ఏఎండీ ఆఫీసూ ఉంది. మన పిల్లలు అక్కడ చిప్‌లు డిజైన్ చేస్తున్నారు. హనుమకొండ పిల్లవాడు మాత్రం ఒక మాదిరి కార్డు కోసం ఏడాదిగా ట్యూషన్లు చెప్పి డబ్బు కూడబెడుతున్నాడు.

తాళం కూడా మళ్ళీ పడింది. ఈసారి స్లాట్‌కి కాదు, కూడాకి. ఆ పద్ధతి ఎన్విడియా చిప్‌ల కోసమే. వాడి కాలేజీలో సారు ఇచ్చిన ప్రోగ్రామ్ అది ఉంటుందనుకునే రాశారు. ఏఎండీకి వేరే పద్ధతి, ఇంటెల్‌కి ఇంకోటి ఉన్నాయి. అందరిదీ ఒక్కతీరు గాడి మాత్రం ఇంకా రాలేదు.

*

దసరాకి వెళ్ళాను, కార్డు పట్టుకుని. సగం వాడి ట్యూషన్ డబ్బు, సగం నాది.

ఏ కార్డు కొనాలో తేల్చడానికి నెల పట్టింది. పాత కంప్యూటర్ల దగ్గర అందరూ చూడాల్సింది ముందు కార్డు కాదు, కరెంటు. స్లాట్ ఇవ్వగలిగేది 75 వాట్లు. అంతకుమించి తాగే కార్డులకి విడిగా వైరు కావాలి. 12 ఏళ్ళ పాత పవర్ సప్లై, పైన 450 వాట్లని రాసున్నా, నేను నమ్మలేదు. రెండోది వరుసలు. కొన్ని చవక కార్డులు 16 వరుసలకి బదులు 4 మాత్రమే వాడతాయి. కొత్త బోర్డులో ఆ లోటు తెలియదు, పాత బోర్డులో వేగం సగానికి పడుతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకి పాత బోర్డుల్లో ఉండని సౌకర్యం కావాలి. అన్నీ వడపోస్తే మిగిలింది 2024లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3050, 6 జీబీది. 70 వాట్లే, విడిగా వైరు అక్కర్లేదు. కోర్లు 2,304.

వాడికి ముందే చెప్పాను. ప్రాసెసర్ పాతదే, కాబట్టి కార్డు ఎంత పరిగెత్తినా కొన్నిచోట్ల దాని కోసం ఆగాల్సిందే. కొన్ని కొత్త ఆటలు ఈ ప్రాసెసర్ మీద అసలు తెరుచుకోవు. విండోస్ 10కి అప్పటికి ఇంకో రెండు వారాల్లో, 2025 అక్టోబర్ 14న, మద్దతు ఆగిపోనుంది. 11కి ఈ ప్రాసెసర్ అర్హత లేదు. లైనక్స్ వేసుకుంటానన్నాడు. వేసుకో అన్నాను.

వరండాలో చాప వేసి క్యాబినెట్ పడుకోబెట్టాం. మందుల డబ్బా తీసి అమ్మ పక్కన కూర్చుంది. బాపు స్టూలు లాక్కుని టార్చి పట్టుకున్నాడు. ఆయనకిప్పుడు 78. కంటి ఆపరేషన్ అయ్యాక చూపు నాకంటే బాగుంది. ప్లగ్గు తీసేసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి వదిలి, క్యాబినెట్ ఇనుముని వేళ్ళతో తాకమన్నాను మావాడిని, ఒంట్లో కరెంటు పోవడానికి. మర తీశాడు. స్లాట్ చివరి కొక్కెం నొక్కి పాత కార్డు పైకి లాగాడు. దుమ్ము ఊదాం. కొత్తది నిలువుగా పెట్టి రెండు చేతులతో సమంగా నొక్కమన్నాను. 'టక్' మంది.

"పట్టిందా?" అన్నాడు బాపు.

"పట్టింది తాతా."

"అదే గాడియా?"

"అదే బాపూ. ఇరవై ఏళ్ళ సంది అదే" అన్నాను.

స్విచ్ వేస్తే ఫ్యాను తిరిగింది, తెర మీద ఏమీ లేదు. కాదు, తెరకి వైరే పెట్టలేదు. మానిటర్‌కి ఉన్నది ఒక్క వీజీఏ, నీలం సాకెట్. కొత్త కార్డుకి అది లేదు. నెల రోజులు వాట్లు, వరుసలు లెక్కపెట్టినవాణ్ణి దీన్ని మరిచిపోయాను. వాడు బండేసుకుని చౌరస్తాకి పోయి, పండగ పూట తెరిచున్న ఒక కొట్లో హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే చిన్న వైరు తెచ్చాడు. 1987 నాటి సాకెట్, 2024 నాటి కార్డు, మధ్యలో బెత్తెడు వైరు. తెర వెలిగింది.

వాడు పని చూసుకుంటుంటే నేను బాపు పక్కన చాప మీద కూర్చున్నాను. ఎందుకో అప్పుడే చెప్పాలనిపించింది.

"బాపూ, అప్పుడు నేను కొన్న కార్డు ప్రాజెక్టుకి కాదు. ఆటకి."

"ఏ కార్డు?"

చెప్పాను. రైలు, సీటీసీ, ఆరొందలు. ఆయనకి కార్డు గుర్తులేదు. డబ్బు గుర్తులేదు. స్క్రూడ్రైవర్‌తో స్లాట్లు చూపించిన పిల్లగాడు గుర్తున్నాడు, పాఠం చెప్పినట్టు మంచిగా చెప్పిండన్నాడు. తర్వాత కొంచెంసేపు తెర వైపు చూసి అడిగాడు:

"మరి ఆట మంచిగ నడిచిందారా?"

"లేదు బాపూ. ఆగి ఆగి నడిచింది."

"అయ్యో" అన్నాడు. నిజంగానే బాధపడ్డాడు.

మా మేనల్లుడు మా మాటలు వింటూ వెనక్కి తిరిగాడు. ఆకు ఫొటోల ఫోల్డర్ పక్కన, తెర మీద ఇంకో బొమ్మ కూడా డౌన్‌లోడ్ అవుతోంది. అది ఆటే. నేను చూశానని వాడికి తెలిసింది.

"అదీ..." అన్నాడు.

"ముందు అదే పెట్టు" అన్నాను. "మీ తాత చూస్తడు."

బాపు స్టూలు కొంచెం ముందుకు జరుపుకున్నాడు.